ఆఖరి పేరు కింది గీత

మీరిప్పుడు ఫోను తెర మీద వేలితో ఒక్క తోపు తోస్తే పేర్లన్నీ జరజరా జారిపోతాయి. ఆఖరి పేరు దాకా వచ్చాక తెర కొంచెం సాగి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇక లేదని చెప్పి మరీ ఆగుతుంది. ఆ తెలివి దానికి పుట్టుకతో వచ్చిందని మీరనుకుంటారు. కాదు నాయనా. ఎవడో ఒకడు కూర్చుని దానికి ఆ బుద్ధి చెప్పాడు. మా కాలంలో అట్లా బుద్ధి చెప్పేవాళ్లలో నేనొకణ్ణి. తప్పుడు బుద్ధి చెప్పినవాళ్లలో కూడా నేనొకణ్ణే.

నా పదవీ విరమణ నాడు శాలువా కప్పి, నేను రాసిన ప్రోగ్రాముల గురించి గంటసేపు పొగిడారు. సిగ్గు లేకుండా విన్నాను. ఈ ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలనిపించింది. ఇది మీకు పనికొచ్చే పాఠం అవునో కాదో నాకు తెలియదు. నాకైతే చెప్పక తప్పదు.

పాలమూరు బస్టాండు వెనక ఒక మేడ మీద మా దుకాణం ఉండేది. దుకాణం అంటే రెండు కంప్యూటర్లు, ఒక స్టెబిలైజరు, వాటికి మాత్రమే తిరిగే ఒక ఫ్యాను. ఎనభైల చివర నేను చేరినప్పుడు తెరంతా నలుపు, అక్షరాలు పచ్చ. తొంభైలలో కిటికీల బొమ్మలు, మౌసు, కుడి పక్కన నిలువు పట్టీలో జారే చిన్న డబ్బా వచ్చాయి. దాన్ని స్క్రోల్ బార్ అంటారని పుస్తకంలో చదివాం. పుస్తకం కూడా సొంతం కాదు, హైదరాబాదు నుంచి జిరాక్సు తీయించి తెచ్చుకున్నది. అందులో నడుమ పేజీలు కొన్ని లేవు.

మొదటిసారి నేను స్క్రోల్ బార్ పెట్టినప్పుడు డబ్బాను కిందికి లాగి మౌసు వదిలితే అది ఎగిరి మళ్లీ పైకే పోయింది. ఇంకోసారి లాగాను. మళ్లీ పైకే. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. మా సీనియర్ ఒకాయన ఉండేవాడు, గుట్కా నములుతూ వెనక నిలబడి చూసి చూసి అన్నాడు.

"గీ స్క్రోల్ బారుగాడు పనోడు గాదు తమ్మీ, వట్టి కబురు మోసేటోడు. డబ్బాను గింత దూరం గుంజిండ్రని నీకు వచ్చి చెప్తడు, గంతే. డబ్బాను ఆడ కూసోబెట్టుడు, పేర్లు జరుపుడు, యాడ ఆగాల్నో చెప్పుడు, అంత నీ పనే."

ఆ రోజు నుంచి స్క్రోల్ బార్ అంటే నాకు భయం పోయింది. పోకుండా ఉంటే బాగుండేది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పి ముందుకు పోతాను. ఒకటి, ఆ కాలంలో డబ్బా ఎప్పుడూ ఒకే సైజులో ఉండేది. ఇప్పటిలాగా జాబితా పెరిగితే చిన్నగా అయ్యేది కాదు. పది పేర్లున్నా పదివేలున్నా అదే డబ్బా. రెండు, డబ్బా కింది అంచుకు తాకితే జాబితా అయిపోయిందని చూసేవాళ్లు అనుకుంటారు. కానీ అయిపోయిందని దానికేం తెలుసు? నేను చెప్పిన హద్దు దగ్గర అది ఆగుతుంది. చేదబావిలో తాడు అయిపోయిందంటే బొక్కెన నీళ్లను తాకిందని అర్థం కాదు, మా తాడు అంతే ఉందని అర్థం. ఇది మా పాలమూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా నేను మరిచిపోయాను.

తొంభైల నడుమ మా ఓనరుకు తెలిసినాయన ఒకరు నల్లగొండ జిల్లాలో ఒక ధర్మ దవాఖాన నడిపేవారు. రిటైరైన హెడ్మాస్టరు. అందరూ పెద్దసారు అనేవారు. అక్కడి నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకరపోయేవి. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నడిచేవాళ్లు. ఏడాదికి ఒకసారి హైదరాబాదు నుంచి ఒక సర్జను వచ్చి వారం రోజులుండి ఉచితంగా ఆపరేషన్లు చేసి పోయేవాడు. దానికి ముందు నాలుగు నెలలు పిల్లల పేర్లు రాసుకునేవారు. పేరు రాసుకుని, వరుస నంబరు వేసి ఒక చీటి ఇచ్చేవారు. క్యాంపు దగ్గర పడ్డాక ఫలానా రోజు రమ్మని ఇంటికి కార్డు రాసేవారు. కార్డు వచ్చినవాళ్లే రావాలి. ఉన్న మంచాలు తక్కువ, అందుకని ఆ కట్టుబాటు.

ఆ పేర్లు కంప్యూటర్లో ఎక్కించాలని పెద్దసారుకు కోరిక పుట్టింది. ఆ పని నాకు వచ్చింది.

అప్పటిదాకా ఆ పని చేసినాయన ఒక ముస్లిం పెద్దమనిషి. కృష్ణ ఒడ్డున ఆత్మకూరు ఆయన సొంతూరు. బతుకుదెరువుకు ఎప్పుడో ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మున్షీ పని గనుక ఊరందరికీ మున్షీ సాబ్, మాకు చాచా. ఆయన తెలుగు రాత చూస్తే ముచ్చటేసేది. గుండ్రంగా, ఒత్తులు కూడా విడివిడిగా, చదువు రానివాడు కూడా ఆగి చూసే రాత. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ జాబితా అయినా ముగిశాక ఆఖరి పేరు కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసేవాడు. గీతల కింద ఉర్దూలో 'తమామ్' అని రాసేవాడు. అయిపోయింది అని అర్థం. ఆ గీత పడేదాకా ఆ పుస్తకం మూసేవాడు కాదు, ఎవరు తొందర పెట్టినా సరే.

నేను కంప్యూటరు బిగించి ప్రోగ్రాము చూపించిన రోజు ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. రిజిస్టరులో అప్పటిదాకా ఉన్న పేర్లన్నీ ముందు వారమే ఎక్కించాం. ఎక్కించింది అక్కడే పనికి కుదిరిన ఒక అమ్మాయి. డిగ్రీ చదివి టైపు నేర్చుకుని వచ్చింది. తెలుగు అక్షరాలు ఏ మీట కింద ఉన్నాయో అట్టముక్క మీద రాసుకుని చూసి కొట్టేది.

చాచా కళ్లజోడు పైకి నెట్టి తెర చూశాడు.

"మంచిగున్నది బేటా. గని ఒత్తులు తెగిపోతున్నయి. చూడు, కింద పేరు మీదికి ఎక్కి కూసున్నట్టున్నది. పోరగాండ్ల పేర్లు సగం సగం కనబడితే మంచిగుంటదా?"

నిజమే. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేటట్టు వరుసల ఎడం పెట్టాను. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఇంకొంచెం జాగా కావాలి. నాలుగింటికి దేవరకొండ బస్సు ఉంది నాకు. ఐదు నిమిషాల్లో వరుసల ఎడం పెంచి ఇచ్చాను. ఒత్తులన్నీ చక్కగా కనిపించాయి. చాచా సంతోషపడ్డాడు.

నేను చేసిన తప్పు అదే. అంతకుముందు తెరలో పదిహేను వరుసలు పట్టేవి. అందుకని ఆఖరి పదిహేను పేర్లు కనిపించే చోట డబ్బా ఆగాలని దానికి చెప్పి పెట్టాను. ఎడం పెంచాక పద్నాలుగే పడుతున్నాయి. పదిహేనోది కింది అంచు కిందికి పోయింది. డబ్బా హద్దు కూడా మార్చాలి. అది ప్రోగ్రాములో ఇంకో చోట ఉంది. మార్చలేదు. గుర్తు రాలేదు. కిందిదాకా ఒకసారి లాగి చూశాను. డబ్బా అడుగు తాకింది, చాలనుకున్నాను. ఆఖరున ఎవరి పేరుండాలి చాచా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆయన రిజిస్టరు తెరవకుండానే చెప్పేవాడు.

ఆయనే నన్ను అడిగాడు.

"అయితే బేటా, దీంట్ల తమామ్ యాడుంటది?"

"తమామ్ ఎందుకు చాచా? గీ డబ్బా కిందికి తాకిందంటే అయిపోయినట్టే."

"తాకినా గూడ గీత ఉంటే మంచిగుండు. గీత లేకుంటే కింద ఇంకేమన్న ఉన్నదేమో అని మనసు గుంజుతది."

నేను నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. గీత పెట్టడం నాకు రెండు నిమిషాల పని. బస్సు ఉందని పెట్టలేదు. అంతటితో ఊరుకున్నానా? పెద్దసారు ముందు నిలబడి ఇంకో సలహా కూడా పారేశాను. రిజిస్టరు ఒకటి, కంప్యూటరు ఒకటి, రెండూ నడిపితే గందరగోళం అవుతుంది, ఈ రోజుతో రిజిస్టరు ఆపేయండి అన్నాను. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. సలహా చెప్తే పెద్దవాళ్లు వినే వయసు కొత్తగా వచ్చింది. చాచా పేజీ సగంలో ఉన్న రిజిస్టరును గీత గీయకుండానే మూశాడు. ఆయన జీవితంలో అట్లా మూసిన పుస్తకం అదొక్కటేనని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నెలలపాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఎట్లా వస్తుంది? ఒక పేరు ఎప్పుడూ కింద దాగి ఉండేది. మర్నాడు ఇంకో బిడ్డ పేరు వచ్చి దాని చోట దాక్కునేది, ముందటిది బయటపడేది. ఎవరికీ అనుమానం రాలేదు. పేర్లు రాసుకోవడం ఆపేసిన రోజున మాత్రం దాగిన పేరు దాగినట్టే ఉండిపోయింది.

చలికాలంలో కార్డులు రాయడం మొదలైంది. తెలుగులో అచ్చు వేసే ప్రింటరు వాళ్ల దగ్గర లేదు. అందుకని అమ్మాయి తెర మీద చూసి పేరు, ఊరు చదవాలి, చాచా కార్డు మీద రాయాలి. అన్నీ రాశాక చాచా నాకు ఫోను చేశాడు. నేను జడ్చర్లలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో వేరే పని మీద ఉన్నాను. అక్కడి నంబరు కనుక్కుని చేశాడు.

"బేటా, ఒకటి తక్కువ వస్తాంది. చీటీల పుస్తకంల ఆఖరి చీటి నంబరు ఉన్నది గద, గది మిషన్ల లేదు."

చీటీల పుస్తకంలో దవాఖాన దగ్గర మిగిలే ముక్క మీద నంబరే ఉండేది. పేరు కంప్యూటర్లోకి ఎక్కుతుంది గదా అని ముక్క మీద పేరు రాయడం కూడా నేనే మాన్పించాను.

"ఒక చీటి ఖరాబై చింపి ఉంటరు చాచా."

"చింపినట్టు యాదికి లేదు. టైపు పిల్ల గూడ కొట్టిన అంటాంది."

"కొడితే ఉంటది. కంప్యూటర్ పేర్లు తింటదా? డబ్బా కిందికంటా తాకిందా లేదా?"

"తాకింది."

"తాకింది గద. ఇంక ఫికర్ చెయ్యకు."

"సరే బేటా, నువ్వంటే సరే" అని పెట్టేశాడు. నేను వెళ్లి నా టీ తాగాను. ఆ టీ చల్లారలేదు కూడా. ఇంత చిన్న సంగతి ఎందుకు గుర్తుందంటే, ఆ ఫోను ఎంతసేపు మాట్లాడానో తర్వాత ఎన్నోసార్లు తలచుకున్నాను కాబట్టి.

క్యాంపు జరిగింది. సర్జను వచ్చాడు, వారం పని చేశాడు, పోయాడు. ఆయన పోయిన మర్నాడు మళ్లీ ఫోను. ఈసారి చాచా ఏమీ వివరించలేదు. "జర వచ్చిపో బేటా" అన్నాడు, అంతే.

నేను పోయేసరికి మధ్యాహ్నం దాటింది. దవాఖాన వరండాలో గోడకానుకుని ఒకాయన కూర్చున్నాడు. పక్కన ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల. కాళ్లు ముందుకు చాపి, వంకర కనబడకుండా మోకాళ్ల మీద తువ్వాల కప్పుకుంది. సైకిలు మెట్లకు ఆనించి ఉంది. నిన్న, సర్జను వెళ్లిపోయిన కాసేపటికి వచ్చారట. ఇంటికి పోలేదు.

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పట్నం నుంచి వచ్చిన డాక్టరును అనుకున్నాడేమో. బనీను జేబులోంచి మడత పెట్టిన చీటి తీసి ఇచ్చాడు.

"కారటు వస్తది వస్తది అని చూసినం సారు. పక్కింటి పోరనికి వచ్చింది, కట్టు గట్టించుకొని గూడ వచ్చిండు. మాకు రాలే. గట్లగాదని నేనే ఎక్కించుకొని వచ్చిన."

చీటి మీద పుస్తకంలోని ఆఖరి నంబరు ఉంది.

లోపలికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. చాచా ఒక పక్కన, అమ్మాయి ఇంకో పక్కన నిలబడ్డారు. డబ్బాను కిందిదాకా లాగాను. తాకింది. చీటి మీదున్న నంబరు లేదు. దానికి ముందు నంబరుతో జాబితా ఆగిపోయింది. ఎందుకో తెర మీది కిటికీ కింది అంచును మౌసుతో పట్టుకుని కొంచెం కిందికి సాగదీశాను.

పిల్ల పేరు వచ్చింది. తండ్రి పేరు, ఊరు, వయసు, చీటి నంబరు, అన్నీ తప్పు లేకుండా కొట్టి ఉన్నాయి.

మళ్లీ అంచును పైకి జరిపాను. పేరు పోయింది. పూర్తిగా పోలేదు. కింది అంచు మీద ఆ పేరులోని అక్షరాల తలకట్లు మాత్రం సన్నగా, వరసగా కనిపిస్తున్నాయి. అక్షరాల మిగతా భాగమంతా అంచు కింద ఉంది.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవి గీకుడు గీతలనుకున్న సార్. కార్డులు రాసే నాడు బట్ట తడిపి రెండుసార్లు తుడిచిన. పోలే."

చాచా కుర్చీలో కూర్చుండిపోయాడు. నాకు ఏం తప్పు చేశానో ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఒత్తుల కోసం ఎడం పెంచడం, హద్దు మార్చకపోవడం, నాలుగింటి బస్సు, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. వాళ్లిద్దరికీ చెప్పాను కూడా. నా తప్పే చాచా, హద్దు మార్చలేదు అన్నాను. వాళ్లిద్దరికీ చెప్పడానికి మాత్రం నాకు ధైర్యం సరిపోయింది.

అప్పుడే పెద్దసారు లోపలికి వచ్చారు. మెత్తటి మనిషే గాని ఆ రోజు మొఖం ఎర్రగా ఉంది.

"పిల్ల పేరు ఉన్నదా లేదా?"

"ఉన్నది సార్" అంది అమ్మాయి.

"ఉంటే కార్డు ఎందుకు పోలేదు? ఎవరిది తప్పు?"

నేను నోరు తెరవబోయాను. తెరవబోయాననే ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తెరవలేదు. రేపు ఇంకో మూడు చోట్ల ఇదే ప్రోగ్రాము పెట్టాలి, ఇంట్లో భార్య నిండు నెలలతో ఉంది, ఓనరు ఏమంటాడు, ఇవన్నీ ఒక్కసారిగా అడ్డం వచ్చాయి. అంతలో చాచా లేచి నిలబడ్డాడు.

"నాదే సాబ్. టైపు పిల్ల చదివింది, నేనే రాయలే. కండ్లు సరిగ కనిపిస్తలేవు నాకు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను.

పెద్దసారు చాచాను ఒక్క మాట కూడా అనలేదు. బయటికి వెళ్లి తండ్రితో తానే మాట్లాడారు. వచ్చే ఏడు మొదటి పేరు మీ పిల్లదే అన్నారు. కిటికీలోంచి నాకు అంతా వినబడుతోంది. ఆ తండ్రి తిడితే బాగుండునని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. ఆయన తిట్టలేదు.

"మాదే తప్పు సారు. పేర్లు రాసే ఆఖరి దినం మా ఊరి బస్సు చెడిపోయింది. అందరికన్న ఎనుక వచ్చినం. ముందుగాల రావాల్సింది మేము."

పిల్లను ఎత్తి సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టాడు. తువ్వాల సర్దాడు. తొక్కకుండా నడిపించుకుంటూ పోయాడు.

సాయంత్రం బస్సు దాకా చాచా నాతో నడిచాడు. ఎందుకట్లా చెప్పావు చాచా అని అడిగాను. నేను చెప్పేవాణ్ణి అని కూడా అన్నాను. ఆయన నా మొఖం ఒకసారి చూసి అన్నాడు.

"నీకు అనుమానం రాలే బేటా. నాకు వచ్చింది. ఫోన్ల నువ్వు చెప్పినంక గూడ పోలే. అనుమానం వచ్చి గమ్మునున్నోనిదే తప్పు."

"కాదు చాచా."

"నాకు పనేముంది ఇంక, ఇయ్యాల గాకుంటే రేపు బంద్ అయితది. నీది ఇప్పుడే మొదలైంది. మంచిగ చేసుకో. దాంట్ల గీత ఒకటి పెట్టు."

పెట్టాను. అటు తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములో ప్రతి జాబితా అడుగున ఒక గీత, దాని కింద 'ఇంతే' అనే మాట ఉంటుంది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు దాన్ని నా పిచ్చి అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనిచ్చాను.

నెల తిరక్కుండా చాచా పని పోయింది. కళ్లు కనిపించని మున్షీతో ఏం పని? ఆయన నార్కట్‌పల్లి చేరి, చౌరస్తాలో చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసుకుంటున్నాడని విన్నాను. కళ్లు కనబడనాయన అర్జీలెట్లా రాస్తున్నాడని పెద్దసారుకు తోచిందో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు పెద్దసారుకు జబ్బు చేసి క్యాంపు జరగనేలేదు. ఆ తర్వాతి ఏడు వేరే సర్జను వచ్చాడు. పిల్లను చూసి, ఇప్పుడిది ఇక్కడ చేసే ఆపరేషను కాదు, ఆలస్యమైంది అన్నాడట. తండ్రి పట్నం తీసుకుపోయాడు. అక్కడ కూడా చేయలేదు. ఇవన్నీ టైపు చేసే అమ్మాయి నాకు రాసిన ఒక ఉత్తరంలోని మాటలు. నేను జవాబు రాయలేదు.

నార్కట్‌పల్లి మీదుగా ఎన్నిసార్లు పోయానో. చౌరస్తాలో బస్సు ఆగినప్పుడల్లా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తొంభైల ఆఖర్లో ఒకసారి బస్సు అక్కడే చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా దిగక తప్పలేదు. చాచా బల్ల కోసం చూశాను, లేదు. అది ఉండే చోట పసుపురంగు ఎస్టీడీ బూతు ఉంది. ఇంటికి ఆలస్యమవుతుందని ఫోను చేద్దామని లోపలికి పోయాను.

కుర్చీలో పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల. పక్కన గోడకు రెండు కర్రలు. నేను గుర్తుపట్టలేదు. ఫోను చేశాక ఆమె రిజిస్టరు నా వైపు తిప్పింది.

"పేరు, నంబరు రాయుండ్రి సార్. నాయిన వచ్చినంక చూసుకుంటడు. బూతు ఆయన పేరు మీదనే ఉన్నది."

అది పాత రిజిస్టరు. నడుమ పేజీల నుంచి ఫోను నంబర్లు ఉన్నాయి. ముందు పేజీలు గాలికి లేచాయి. గుండ్రటి రాత, విడివిడిగా ఒత్తులు. చాచా రాత.

పేజీ తిప్పాను. దవాఖానలో నేను రిజిస్టరు ఆపించిన చోటు వచ్చింది. సగం పేజీ. దాని కింద కొంత ఖాళీ విడిచి అదే చేతిరాతలో ఒకే ఒక పేరు, ఆనాడు తెర అడుగున దాగిన పేరు, ఉంది. కింద గీత లేదు. తమామ్ లేదు.

"గిది నా పేరే సార్" అంది ఆ పిల్ల. "ఒక తాత ఉండే, మున్షీ సాబ్ అంటరు. గీ బూతు ఆయననే అర్జీలు రాసి రాసి ఇప్పిచ్చిండు. కాయితాలు ఖాళీగున్నయి రాసుకో బిడ్డ అని బుక్కు గూడ ఇచ్చిండు."

"ఆయన ఎక్కడున్నడమ్మా ఇప్పుడు?"

"పోయిండు. పోయిన వానకాలంల. ఆత్మకూరుల బిడ్డ ఇంటికాడ. ఆమెనే గీ ఫోనుకు చేసి చెప్పింది, నేనే ఎత్తిన."

ఆమె అడగకుండానే చెప్పుకుపోయింది. చాలామందికి చెప్పి అలవాటైన కథలాగా ఉంది.

"నా ఆపరేషను కార్డు రాసుడు మరిచిండంట ఆయన. గందుకే నెలకోసారి మా ఇంటికి వచ్చి చూసి పోయేటోడు. పండ్లు తెచ్చేటోడు."

అప్పుడు చెప్పాను. బూతులో ఇంకెవరూ లేరు. డబ్బా, హద్దు, వరుసలు, ఆ పిల్లకు ఏమర్థమవుతాయి? అయినా మొత్తం చెప్పాను. ఆయన మరిచిపోలేదమ్మా, నీ పేరు ఆయనకు కనబడకుండా చేసింది నేను, ఫోను చేసి అడిగితే తోసేసింది నేను, పెద్దసారు అడిగినప్పుడు నోరు మూసుకుంది నేను అన్నాను.

ఆమె కదలకుండా విన్నది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రిజిస్టరును మెల్లగా తన వైపు తిప్పుకుని ఆ పేరు మీద చెయ్యి పెట్టింది.

"గీ ముచ్చట తాత ఉన్నప్పుడు చెప్పాల్సింది సార్."

"అవునమ్మా."

"పోయినేడు ఒకనాడు కాళ్లు బాగ నొస్తుండె. గప్పుడే తాత వచ్చిండు. నీ వల్లనే నా బతుకు గిట్లైంది, మళ్ల మా ఇంటికి రాకు అన్న." ఆమె పేరు మీంచి చెయ్యి తీసింది. "ఆయన ఏమనలే. పండ్లు ఆడ పెట్టి పోయిండు. మళ్ల రాలే."

బయట ఇంకో బస్సు వచ్చి హారను కొట్టింది. ఎవరో ఫోను చేసుకోవడానికి లోపలికి వచ్చారు. ఆమె కళ్లు తుడుచుకుని, నంబరు చెప్పుండ్రి అని వాళ్లనడిగింది.